సమీక్షకుడు గారి భోజనం

ఈ ఉదయం పదీ ఇరవైకి, అమలాపురంలో మా వంటింట్లో నేను మినప్పప్పు కడుగుతుండగా ఫోను చిన్నగా మోగింది. ఒక యూనివర్సిటీ ప్రెస్సు వారు నెలనెలా పంపే మెయిలు అది: కొత్తగా వేసిన పుస్తకాలు, వాటి మీద వచ్చిన సమీక్షలు. చెయ్యి తుడుచుకుని నాలుగు అట్టబొమ్మలు చూశాను, రెండు సమీక్షలు సగం సగం చదివాను, ఫోను పక్కన పెట్టి మళ్ళీ పప్పు దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు ఇలాంటి కబురు మా ఇంటికి వస్తే మధ్యాహ్నమంతా దానికే పోయేది.

మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. పంటు ఎక్కి ఏరు దాటితేగాని బజారు లేదు. తాతగారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. కళ్ళలో శుక్లాలు వచ్చి అక్షరాలు అలికినట్టు కనబడేవి. అప్పట్లో ఆ ప్రెస్సు వారే ఈ కబుర్లతో వేసే పత్రిక, బూడిదరంగు కాగితం మీద నాలుగే పేజీలు, పంటు మీద కొబ్బరికాయల బస్తాల పక్కన ప్రయాణం చేసి వచ్చేదేమో, విప్పగానే సిరా వాసనతో పాటు తడి పీచు వాసన వేసేది. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని సత్యవతి అత్తయ్య, అంటే మా నాన్నకి అక్క, దాన్ని పైకి చదివేది. వానాకాలం చూరు నీళ్ళ చప్పుడుకి గొంతు పెంచి చదివేది, వేసవిలో ముంజలు ఒలుస్తూ, మధ్యలో ఆపి మా పిల్లల నోట్లో తలొకటి పెడుతూ చదివేది. ఇరుగుపొరుగు వారూ, పంటు నడిపే వెంకన్న గారూ వచ్చి వినేవారు. ఆ పుస్తకాల్లో చాలావాటిని మేమెన్నడూ కంటితో చూడలేదు. అయినా వాటి గురించి పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకునేవారు.

"శాసనాల మీద పుస్తకమటండి. ఆరొందల పేజీలట," అనేది అత్తయ్య.

"ఆయ్. పిల్ల బొద్దుగానే ఉందండి," అనేవారు వెంకన్న గారు. "మరి సమీక్ష రాసినాయన ఏవంటారు?"

"ముందుమాట బాగుందండి, ఆపైన చదవలేకపోయేం అంటున్నారు."

"అయితే కాఫీ తాగేసి వెళ్ళిపోయేరన్నమాట!"

అందరూ నవ్వేవారు. తాతగారు మాత్రం నవ్వేవారు కాదు, ఎందుకంటే ఆయన పుస్తకం కూడా అదే ప్రెస్సులో అచ్చవుతోంది. లంకల్లో మనుషులు ఎలా బతుకుతారో చాలా ఏళ్ళు కూర్చుని రాశారు: పడవలు, ఒండ్రు మీద వేసే పంటలు, అరటి తోటలు, వరదలు.

పుస్తకం వచ్చింది. దాని సమీక్ష ఉన్న పత్రిక ఆవకాయలు పెట్టే రోజుల్లో వచ్చింది. అత్తయ్య చేతుల కారం కడుక్కుని చదవడం మొదలుపెట్టింది. పడవల సంగతి బాగుందన్నారు, పంటల సంగతి బాగుందన్నారు. వరదల అధ్యాయం మాత్రం ఎవరో చెప్పగా విని రాసినట్టుందన్నారు. అత్తయ్య అక్కడ ఆగిపోయింది. అసలు సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. తాతగారి చిన్నతనంలో వరదొచ్చి ఊరు మునిగినప్పుడు, ఆయన చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని పాక కప్పు మీద కూర్చున్నారు. కప్పు కదిలిపోయి, పిల్ల ఆయన చేతుల్లోంచి జారిపోయింది. పుస్తకంలో దానికి ఆయన ఇచ్చింది ఒక్క వాక్యం: ఒక ఇంట్లో చిన్నపిల్ల పోయింది అని. ఆ ఇల్లు ఎవరిదో రాయలేదు. తన ఏడుపు నలుగురి ముందూ పెట్టడం మర్యాద కాదనుకున్నారు.

మిగతా పుస్తకాన్ని ఎంత విమర్శించినా ఆయన పట్టించుకునేవారు కాదేమో. ఆ పిల్ల చావు వినికిడి మాటగా మిగిలిపోకూడదని మాత్రం ఆయనకి పట్టుకుంది. రచయితలు జవాబు రాసుకోవడానికి పత్రికలో చోటుండేది.

"మీరు చెప్పండి నాన్నగారూ, నేను రాస్తాను," అంది అత్తయ్య.

"కాగితాల మీద తగువేవిటే? మన గురించి రాసినాయన కదా, ఓ పూట భోజనానికి పిలుద్దాం. ఎదురుగా కూచోబెట్టుకుని చెప్తాను."

సమీక్షకుడు గారు రాజమండ్రిలో లెక్చరరు. పిలిచినందుకు సంతోషపడి, జొన్నాడ మీదుగా బస్సుల్లో వచ్చి పంటెక్కారు. రేవులో మేం పంపిన మనిషి గొడుగుతో నిలబడ్డాడు. ఇంటికి రాగానే పనసాకుల దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. మధ్యాహ్నం అరిటాకులో పనసపొట్టు ఆవపెట్టిన కూర, మామిడికాయ పప్పు.

"నీచు తింటారాండీ?" అని అత్తయ్య తలుపు వారనించి భయంభయంగా అడిగింది.

"తింటానండి."

"అమ్మయ్య!" అని కొర్రమేను పులుసు గిన్నె తెచ్చింది. ఆ తర్వాత కొబ్బరి బూరెలు. నాలుగోది వెయ్యబోతే ఆయన ఆకు మీద చేతులు అడ్డం పెట్టారు.

"ఇంక చోటు లేదండి బాబూ!"

"చోటుకేవుందండి, సర్దుకుంటాయండి," అన్నారు వెంకన్న గారు. "మా పంటు మీద జనం సర్దుకోటల్లేదాండీ?"

తాంబూలం వేసుకుంటూ, చల్లగా చాప మీద కూర్చుని, సమీక్షకుడు గారే ఆ మాట ఎత్తారు.

"మేష్టారూ, మీ ఊరికి వరదలు బాగా వచ్చేవాండీ?"

అత్తయ్య గుమ్మంలో చేట పట్టుకుని నిలబడిపోయింది. తాతగారు నోరు తెరిచారు. ఎదుటి మనిషి పెదవుల మీద తమలపాకు ఎరుపు, చేతికి ఇంకా పులుసు వాసన.

"ఆయ్. వచ్చేవండి," అన్నారు. "ఎండగా ఉంది, తవరు కాస్త నడుం వాల్చండి."

సాయంత్రం పంటు కదిలాక అత్తయ్య ఊరుకోలేదు.

"చెప్పరేవిటండీ? ఆయనే అడిగేరు కదా!"

"మనింట్లో చెయ్యి కడుక్కున్న మనిషిని, నువ్వు తప్పు రాసేవని ఎలా అంటామే? తిన్నది అరగద్దూ?"

"అయితే ఇప్పుడు నేను రాస్తాను."

"అన్నం పెట్టి వెనకాల రాస్తావా? తప్పు," అన్నారు. ఆ రోజు ఆయన రాత్రి భోజనం చెయ్యలేదు.

అత్తయ్య రాయలేదు. సమీక్షకుడు గారు సంక్రాంతికీ ఉగాదికీ కార్డు వేసేవారు, ప్రతి కార్డులోనూ బూరెల ప్రస్తావన ఉండేది. వరదల అధ్యాయం మీద ఆయన అన్నమాటే నిలిచింది. తర్వాత లంకల గురించి రాసినవాళ్ళు ఆ అధ్యాయాన్ని నమ్మలేదు. తాతగారు పోయారు. తర్వాత అత్తయ్య కూడా పోయింది. ఏటి మీద వంతెన కట్టాక పంటు ఆగిపోయింది. సమీక్షలు ఎవరికి వారు లోపల్లోపల చదువుకుంటున్నారు, నాలాగే, సగం సగం. బాగా లేదన్న చోట రచయితలు ఆ కిందే జవాబు అప్పటికప్పుడు రాసేస్తున్నారు. సమీక్ష రాసినవాళ్ళని ఇప్పుడెవరూ భోజనానికి పిలవడం లేదు.