గటుకైపోయిన విత్తనాలు

తొంభైలలో, వేల ఏళ్ల కిందటి వేడి యుగాల్లో వానలెలా పడ్డాయో మట్టిలో వెతకడానికి సిద్దిపేట దగ్గరి తొగుటకు వెళ్లాను. ఆ యుగాల్లో అక్కడ వానలు దండిగా కురిశాయని మా కంప్యూటర్ లెక్క. మల్లయ్య అనే రైతు తాను తవ్విస్తున్న బావిలో నన్ను మట్టి తీసుకోనిచ్చాడు.

“ఈయేడు జొన్నేద్దునా, వరేద్దునా సారూ?” అని అడిగాడు.

ఎండ పెరిగితే వానా పెరుగుతుందని, అంతా తెలిసినవాడిలా వరి వేయమన్నాను.

పదిరోజులకు తవ్వకం ఆ యుగాల పొరను చేరింది. అంతా తెల్లటి సున్నపు గడ్డలే. అవి వానల్లేని కాలానికి గుర్తు. పరుగున వెళ్లి, జొన్నే వేయమన్నాను.

“ఇత్తనాల జొన్నలు గటుక వండుకొని తిన్నం సారూ. వరే ఎయ్యమంటిరి గదా!”

ఆ యేడు వాన మొహం చాటేసింది. వరినారు మడిలోనే ఎండింది.

కంప్యూటర్‌కూ మట్టికీ పొంతన కుదరలేదని నా థీసిస్‌లో ఒక పేరా రాశాను. అందరూ మెచ్చుకున్నారు. అందులో మల్లయ్య లేడు.