మేనమామ మూడు కత్తెర్లు

1996. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎదురుగా నా సెలూన్. ఐదో తరగతిలోనే బడికీ నాకూ పడక విడిపోయాం. ఆపరేషన్‌కు ముందు తల గొరగడానికి ఆసుపత్రివాళ్లు నన్నే పిలిచేవారు. మెదడు డాక్టరు కన్నా ముందు తల మీద చెయ్యి వేసేది నేనేనని కోతలు కోసేవాణ్ణి.

ఆ రోజు నాగపూర్ నుంచి న్యూరోసర్జన్ వచ్చాడు. లక్కడ్‌కోట్ అనే సరిహద్దు తెలుగు ఊరి రైతు కుటుంబం ఒకటి ఎనిమిది నెలల పిల్లవాణ్ణి తెచ్చింది. తల గుమ్మడికాయంత. కళ్లు కిందికి వాలిపోయాయి. దాన్ని హైడ్రోసెఫలస్ అంటారు. మెదడులో ఊరే నీరు పోయే దారి లేక లోపలే నిండుతుంది. షంట్ అంటే సన్నని గొట్టం. తలలోంచి చెవి వెనకగా, చర్మం కిందుగా పొట్టలోకి దించి ఆ నీటిని మళ్లిస్తారు.

నేను కత్తి తీయగానే నాయనమ్మ మనవణ్ణి కొంగులో దాచేసింది.

"పుట్టెంటికలు దేవునియి. మేనమామ మూడు కత్తెర్లు ఎయ్యంది ముట్టనియ్య."

"మామ ఏడున్నడు?"

"నాకు తోడబుట్టినోళ్లే లేరన్నా," అంది తల్లి.

డాక్టరు సాయంత్రం బండికి వెళ్లిపోతాడనీ, మళ్లీ వచ్చేది వచ్చే నెలేననీ నర్సు చెప్పింది.

"అయితే నేనే మామను," అన్నాను. "మూడు కత్తెర్లు మామ లెక్కన ఏస్త, మిగిలింది మంగలి లెక్కన గీకుత. గుడికాడ ఇద్దరు కావాలె, ఈడ ఒక్కనితోనే అయిపోతది."

ముసలమ్మ నవ్వలేదు. "మంగలాయన మాకు మేనమామ అయితడా? ఊర్ల తలెత్తుకుంటమా?"

తల్లి పిల్లవాణ్ణి లాక్కుని నా ముందు కూర్చుంది.

"వీడే తలెత్తలేకపోతుండు అత్తమ్మా. ఊరికి నేను జవాబు చెప్త. నువ్వు కానియ్యన్నా."

మూడు కత్తెర్ల జుట్టును ఆమె కొంగున ముడేసుకుంది. తర్వాత కత్తి. సాగిన చర్మం కాగితంలా ఉంది. చిన్న గాటు పడినా చీము భయంతో ఆపరేషన్ ఆపేస్తారు. నోరు మూసుకుని నేను చేసిన గుండు అదొక్కటే.

షంట్ పనిచేసింది. వాలిన కళ్లు మెల్లగా పైకి చూశాయి. వాడు నడక నేర్చాక ముసలమ్మే నా దుకాణానికి వచ్చింది.

"మొక్కు తీర్చాలె, ఆ ముడేసిన పుట్టెంటికలు దేవునికియ్యాలె. దుకాణం మూసి నడువు."

గుడి దగ్గర ఊరివాళ్లు నన్ను చూసి గుసగుసలాడారు. ఆమె వాళ్లవైపు తిరిగింది. "మా మనుమని మేనమామ. ఏందట?"

ఇప్పటికీ వాడి చెవి వెనక గొట్టం వేలితో తడిమాకే కత్తెర పెడతాను. ఏ తలనైనా ముందు వేలితో చూడాలని నేర్పింది వాడే. మంగలివి, మామ ఎట్లయినవని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల గడ్డం సగం గీకాక మొదలుపెట్టి ఈ కథంతా చెబుతాను. మధ్యలో లేచి ఎక్కడికి పోతారు?