తోట టీచర్ లేని ఆదివారం

తోట టీచర్ పోయిన సంగతి నాకు రహమత్ నగర్ నుంచి తెలిసింది. ఆమె దగ్గర మొక్కలు పెంచే ఒక పాప తల్లి పొద్దున్నే ఫోన్ చేసి, "సార్, మన టీచర్ నిద్రలనే పోయింది. పిల్లకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అంది. నాకూ తెలియలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా దాదాపు అదే పరిస్థితి.

ఆమె యూసుఫ్‌గూడలో ఉండేవారు. సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దాయన తన ఖాళీ స్థలం వాడుకోమంటే, చుట్టుపక్కల బస్తీల పిల్లలతో అక్కడ కూరగాయల తోట వేయించారు. దాన్ని నడపడానికి ఒక సంస్థ, దానికో బోర్డు. నేను సినిమాలకు ఎడిటింగ్ చేసి మానేసిన వాణ్ణి. ఆమె పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి నన్నూ అందులోకి లాగారు. మొక్కల గురించి నాకేమీ తెలియదని మొత్తుకుంటే, "గందుకే రమ్మంటున్న సార్. తెలిసినోళ్లు పిల్లలను మాట్లాడనియ్యరు" అన్నారు.

బోర్డులో చేరేవాళ్లకు ఆమె పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. సంతకం పెట్టినంత మాత్రాన మెంబరు అయిపోరు. పిల్లల్లో ఒకరు మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒక మడి చూపిస్తారు. ఆదివారాలు వచ్చి దానికి నీళ్లు పెట్టాలి, కలుపు తీయాలి, కాసిన కూర ఆ పిల్లల ఇంటికి పంపాలి. అప్పటిదాకా మీటింగులో నోరెత్తకూడదు. నాకు బెండ మడి వచ్చింది. కలుపనుకుని మొలకలన్నీ పీకేస్తే, నాకు పని నేర్పే పాప తల పట్టుకుంది. టీచర్ నా పక్కన చతికిలబడి, నవ్వకుండా, మళ్లీ గింజలు చేతిలో పెట్టారు. ఆమె ఎవరినీ నిలబడి మందలించగా నేను చూడలేదు. ఏదైనా చెప్పాలంటే ముందు కింద కూర్చునేవారు.

స్థలమిచ్చిన పెద్దాయన కాలం చేశాక, ఈ ఏడు ఆయన కొడుకు కొత్తవాళ్లను బోర్డులోకి తెచ్చాడు. ఒక నిర్మాతగారు, ఒక బిల్డరుగారి భార్య, వాళ్ల స్నేహితులు. స్థలం ఉంటుందో ఊడుతుందో తెలియక టీచర్ కాదనలేకపోయారు. పలుకుబడి ఉన్నవాళ్లుంటే తోట నిలబడుతుందని ఆశపడ్డారు కూడా. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. పిల్లలను చూసి ముచ్చటపడ్డారు, ఫొటోలు దిగారు. ఆదివారం మాత్రం నీళ్లు పెట్టడానికి వాళ్ల డ్రైవర్లు వచ్చారు. టీచర్ ఆ డ్రైవర్లకే టీ ఇచ్చి మళ్లు అప్పజెప్పారు. ఇక మెంబర్లు మీరేనని, మీటింగుకు కూడా మీరే రావాలని వాళ్లను ఆటపట్టించేవారు.

తర్వాత కొత్త బోర్డు పరిచయ సభ తోటలోనే పెట్టుకున్నారు. తోట బోసిగా ఉందని నిర్మాతగారు సెట్లు వేసేవాళ్లను పంపారు. వాళ్లకు తెలిసిన పని వాళ్లు చేశారు. పూలున్న కొమ్మలు నరికి తెచ్చి మళ్ల నిండా గుచ్చారు. షూటింగుకైతే ఒక పూట నిలబడితే చాలు కదా. సభ బాగా జరిగింది. మర్నాటి నుంచి పిల్లలు వాటికి నీళ్లు పోస్తూనే ఉన్నారు, అవి వాడిపోతూనే ఉన్నాయి. తన చేతుల్లోనే చచ్చిపోయాయని బెండ మడి పాప ఏడుపు లంకించుకుంది. టీచర్ పక్కన కూర్చుని ఒక కొమ్మ పైకి లాగి చూపించారు.

"నువ్వు సంపలే బిడ్డా. దీనికి వేర్లే లేవు."

పాప ఊరుకుంది. తను పోతే ఈ కొత్త బోర్డువాళ్లు తోటను ఉంచరని టీచర్ ఆ రోజే నాతో అన్నారు. అలాంటి మాటలు మాట్లాడొద్దని కసిరాను. ఆమె అన్నదే నిజమైంది.

సంతాప సభ ఒక హోటల్లో జరిగింది. అందరూ మంచి మాటలే చెప్పారు. వెంటనే అక్కడే బోర్డు మీటింగు. టీచర్ పేరు మీద స్మృతివనం చేయాలని, పచ్చిక పరిచి, దీపాలు పెట్టి, మధ్యలో ఆమె విగ్రహం నిలపాలని, పనులయ్యేదాకా పిల్లలు రాకూడదని తీర్మానం. విగ్రహం నమూనా చూపించారు. నిలబడి, వేలు చూపిస్తూ ఉంది. నాకు ఒళ్లు మండింది. పనులయ్యాక పిల్లలు వస్తారా అని అడిగాను. బిల్డరుగారి భార్య ఎంతో మర్యాదగా, "చూద్దామండీ. తొక్కితే పచ్చిక పాడైపోతుంది కదండీ" అన్నారు. వద్దని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే.

మొన్న ఆదివారం వెళ్లేసరికి గేటుకు కొత్త తాళం ఉంది. పిల్లలంతా బయట నిలబడి ఉన్నారు. ఊచల్లోంచి కుళాయి కనిపిస్తోంది, ఎండకు తలలు వాల్చిన మొక్కలు కనిపిస్తున్నాయి. నాకు తాళంచెవి ఇవ్వలేదని చెప్పాను. ఎవరూ అల్లరి చేయలేదు. చేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"టీచర్ పేరు పెడ్తరంట గద సార్," అంది బెండ మడి పాప. "మరి మమ్మల్ని ఎందుకు రానిస్తలేరు?"

ఆమె ఉంటే కింద కూర్చుని ఏదో ఒకటి చెప్పేవారు. నేనూ కూర్చున్నాను. ఇందులో మంచి జరుగుతుందన్న ఆశ నాకు లేదు, ఉన్నట్టు రాయలేను.

పిల్లలు తాగడానికి తెచ్చుకున్న సీసాల మూతలు తీశారు. ఊచల్లోంచి చేతులు భుజాల దాకా పెట్టి లోపలికి నీళ్లు విసరడం మొదలుపెట్టారు. మొక్కల దాకా ఒక్క చుక్కా వెళ్లలేదు. గేటు దగ్గరి బండల మీద పడి, చూస్తుండగానే ఆరిపోయాయి. సీసాలు ఖాళీ అయ్యేదాకా వాళ్లు విసురుతూనే ఉన్నారు.