అరగంట ముందు నడిచే మండీ

ముందే చెప్పేస్తున్నాను. ఏదైనా ఉన్నదున్నట్టు చెప్తే నాకు జ్వరం వస్తుంది. మీరే కొంచెం కోసుకుని చదవండి.

ధర్మపురిలో నేనూ నా బామ్మర్దీ ఒక గది నడుపుతున్నాము. ఫోన్లు, కెమెరా రికార్డర్లు విప్పి, లోపల ఏముందో వెలికితీసి రిపోర్టు రాసిస్తాము. మా ఇద్దరికీ పడదు. అతను కోపంగా లోపలికొస్తే గోడలు వెనక్కి జరుగుతాయి.

ఆ వేసవిలో ఒక మామిడి మండీ ముదలాళి, అంటే ఓనరు, మమ్మల్ని పనికి పెట్టుకున్నాడు. బామ్మర్ది మండీకి పోయి కెమెరా రికార్డరు పీక్కొచ్చినాడు. వెనకే ముదలాళి. అతని మీసం అతనికంటే ముందు మెట్లెక్కింది.

మండీలో తూకం మిషను పోయింది. ఏరియూరు నుంచి వచ్చే కూలామే దొంగ అని అతని తీర్పు. సాయంత్రం ఆరూముక్కాలుకి లారీ డ్రైవరు ముందు వాకిలి వైపునుంచి ఆఖరి లోడు తూచుకున్నాడు. మిషను మీది అంకెల ఫోటో, తీసిన టైముతో సహా, అతని ఫోన్‌లో ఉంది. వెనక తలుపు కెమెరాలో చూస్తే, ఏడింటికి ఆమె ఒక్కతే బుట్టతో తూకం గదిలోకి పోయి వచ్చింది. మా రిపోర్టు చేతికి రావడమే ఆలస్యం, స్టేషనుకు పోతానన్నాడు.

అతని వెనకాలే వచ్చిన ఆమె మా గుమ్మంలోనే నిలబడింది. "బుట్టలో నా అన్నం గిన్నె అన్నా. మిషను నేను తాకలేదు."

"దీని మాట వినొద్దు," అన్నాడు ముదలాళి. "వీళ్లు టైముకి రానే రారు. అందుకే మండీలో గడియారాలన్నీ అరగంట ముందు పెట్టినాను. లేటైతే సగం కూలి కట్."

"కెమెరా పెట్టెలో కూడానా?" అన్నాను.

మీసం జారిపోయింది.

రికార్డరు పీకేముందు దాని టైమును అసలు టైముతో పోల్చి రాసుకోవాలి. మా పనిలో అది అ ఆలు. బామ్మర్దిని పక్కకు లాగినాను.

"పోల్చినావా?"

"మరిచిపోయినా బావా. ఇప్పుడు చూసి, అప్పుడే చూసినట్టు రాసేద్దాం. ఎవడు అడుగుతాడు?"

"లాయరు అడుగుతాడు. ఆ పొద్దు నువ్వు పళ్లు తోముకున్నావా అని కూడా అడుగుతాడు."

"నన్ను బజారులో నిలబెట్టాలని నీకు ఎప్పటినుంచో ఉంది."

"ఉంది. ఇది మాత్రం అందుకు కాదు."

అసలు డిస్కును పక్కన పెట్టి, ఖాళీది వేసి రికార్డరు ఆన్ చేసినాము. అరగంట ముందే ఉంది. రిపోర్టు మొదటి పేజీలోనే రాసినాను: పీకేముందు టైము పోల్చలేదు, అది మా తప్పు. తరువాత పోల్చితే అరగంట ముందుంది. ఆ రోజు ఎంత తేడా ఉందో రూఢిగా చెప్పలేము. ఇంతే ఉండుంటే, ఆమె గదిలోకి పోయింది ఆరున్నరకి. అంటే డ్రైవరు మిషను మీద తూచకముందు.

బామ్మర్ది సంతకం పెడితే పెన్ను కాగితాన్ని చీల్చి, బల్లను చీల్చి, కింది అంతస్తు టైలరు నెత్తిన పడింది. ఇప్పటికీ నాతో మాట్లాడడు. రికార్డరు పీకేముందు మాత్రం ఫోన్ తీసి టైము చూస్తాడు.

ముదలాళి రిపోర్టు చదివి స్టేషను దారి మరిచిపోయినాడు. ఆమెతో, "తప్పయింది, రేపు పనికి రామ్మా," అన్నాడు.

టైలరు నెత్తిన పడడం పెంచి రాసింది. పూర్తిగా కల్పించింది ముదలాళి ఆఖరి మాట ఒక్కటే. అతను నిజంగా అన్నది, "నా గేటు దగ్గర కనిపించొద్దు." కేసు లేదు, పనీ లేదు. ఆమె ఏరియూరు బస్సెక్కి పోయింది.