అక్క పెళ్ళిచూపులనాటి బాతుగుడ్లు

మొన్న ఆదివారం తిరువళ్ళూరు కూరగాయల సంతలో కండలు తిరిగిన యువకుడొకడు డజను బాతుగుడ్లు కావాలని అందరికీ వినబడేలా అడిగి, సంచిలో వేయించుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇందులో వింతేముందని ఈ కాలం వాళ్ళు అడగవచ్చు గానీ, మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. మా వైపు బాతుగుడ్డు అంటే మొలలకు మందు. ఎవరైనా బాతుగుడ్డు అడిగితే, వాడి ముఖం వదిలేసి వాడు కూర్చునే తీరు చూసేవారు.

నేనూ ఆరు గుడ్లు కొన్నాను. కొన్నప్పటినుంచి కాలు ఒకచోట నిలవలేదు. ఫ్రిజ్ తెరిచి చూడడం, మూయడం, టీ కాచుకుని తాగడం మరిచిపోవడం. రెండో రోజుకు ఇక ఉండబట్టలేక, గుడ్లను డబ్బాలో బియ్యం మధ్య పెట్టుకుని తిరుత్తణిలో ఉన్న మా అక్క దగ్గరికి బండెక్కాను. అక్కకు చెప్పవలసిన మాట ఒకటి యాభై ఏళ్ళకు పైగా నా దగ్గర ఉండిపోయింది.

కడంబత్తూరు వస్తుంటే కిటికీలోంచి తొంగిచూశాను. మా ఊరు అక్కడికి రెండు మైళ్ళు. వరికోతలు కాగానే బాతులవాళ్ళు వందలకొద్దీ బాతులను తోలుకుని మా కయ్యల్లోకి దిగేవారు. రాలిన గింజలూ నత్తలూ వాటికి, అవి పడుకున్నచోట ఎరువు మాకు. పోతూ పోతూ మా ఇంటికి ఒక గంప గుడ్లు పంపడం ఆనవాయితీ. ఆ రోజుల్లో మేము తిన్నవి చెబితే ఇప్పుడు నా కోడలు ముఖం చిట్లిస్తుంది. తొలివానకు దీపం దగ్గర రాలిన ఉసిళ్ళను వేయించి బొరుగుల్లో కలుపుకునేవాళ్ళం, గట్ల బొరియల్లో పట్టిన ఎండ్రకాయలతో అమ్మ మిరియాల రసం పెట్టేది, గుమ్మడి పూలు వేపుడు చేసేది. ఆవు ఈనితే జున్ను ముక్కల దగ్గర నేనూ అక్కా జుట్లు పట్టుకునేవాళ్ళం. అక్క ఎప్పుడూ ఓడిపోయేది. కావాలనే ఓడిపోయేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బాతుగుడ్లు మాత్రం నాయనవి. చిన్న ఉల్లిపాయలతో ఆముదంలో వేయించి పొద్దున్నే ఒకటి తినేవాడు. ఆ వాసనకు నేను ముక్కు మూసుకునేదాన్ని. ఆయన అది ఎందుకు తింటున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు, బయట చెప్పకూడదని నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు పనిగట్టుకుని చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఆ ఏడే అక్కను చూడడానికి నగరి వైపునుంచి వచ్చారు. మాలో ఒక పద్ధతి ఉండేది. పిల్ల నచ్చకపోతే ఆ ఇంట చెయ్యి తడపరు, కాఫీ తాగి లేస్తారు. భోజనానికి ఒప్పుకున్నారంటే సంబంధం ముప్పాతిక కుదిరినట్టే. పెళ్ళికొడుకు తండ్రి అక్కను చూసి, నాలుగు మాటలు అడిగి, అన్నం తినే పోతాం లెమ్మన్నాడు. అమ్మకు సంతోషం ఒకవైపు, గాభరా ఒకవైపు. ఆ నెలలోనే కొక్కెర తెగులు తగిలి మా కోళ్ళన్నీ పోయాయి. కోసి పెట్టడానికి కోడి లేదు, కోడిగుడ్డూ లేదు. చివరికి నాయన కోసం కుండలో దాచిన బాతుగుడ్లే దిక్కయ్యాయి. నీచు వాసన రాకుండా చింతపండు పులుసూ మిరియాల పొడీ దట్టించి, వేపుడు చేసి, ఆకుల్లో తలా ఒకటి పెట్టింది. అంతంత గుడ్లు, ఎర్రటి సొన, అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. తలుపు చాటున అక్క నా చెయ్యి గట్టిగా పిసికింది. ఆ అబ్బాయి ఆమెకు నచ్చాడు, ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

భోజనాలయ్యాక పెళ్ళికొడుకు మేనత్తకు పెరట్లో చేతులు కడుక్కోవడానికి నేనే నీళ్ళు పోశాను. ఆమె నా గడ్డం పట్టుకుని ముద్దుగా అడిగింది.

“బాతులు సాకుతారా పాపా? యాడుండాయి, కనపడ్లేదే?”

“మాకు బాతులు లేవత్తా. ఆ గుడ్లు మా నాయనకు మందు. కూసోలేడు గదా, దినామూ ఒకటి తింటాడు. మా తాతకూ ఆ జబ్బే ఉన్నిందంట.”

ఆమె చెంబు నా చేతిలోంచి తీసుకుని ఇంకొకసారి నోరు పుక్కిలించింది. తాతకూ తండ్రికీ ఉన్నది పిల్లకు రాకుండా పోతుందా అనుకుని ఉంటుంది. ఆ కాలపు వాళ్ళు అట్లాగే అనుకునేవారు.

వారం తిరక్కుండా మధ్యవర్తి వచ్చాడు. మొలల మాట ఎవరైనా మొహాన ఎట్లా చెబుతారు? పిల్ల కొంచెం నలుపన్నారని చెప్పి, తల గోక్కుని పోయాడు. అమ్మ ఏడ్చింది. అన్నం తిని కూడా కాదన్నారేమని నాయన కనబడినవాళ్ళనల్లా అడిగాడు. నాకు అప్పుడేమీ అర్థం కాలేదు. బాతుగుడ్డు అనగానే పెద్దవాళ్ళు ఎందుకు నవ్వుకుంటారో పన్నెండేళ్ళు వచ్చాక తెలిసింది, ఆ సంబంధం తప్పింది నా మాటవల్లేనని అప్పుడే అర్థమైంది. అప్పటికి అక్కకు తిరుత్తణి బావతో పెళ్ళయింది. బావ బంగారంలాంటి మనిషి, ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనమని నోరు కట్టుకున్నాను. పిరికితనానికి మంచి పేరు పెట్టుకోవడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు.

అక్క మాత్రం ఆ నలుపు మాటను వదిలిపెట్టలేదు. మా చుట్టాల పెళ్ళిళ్ళలో ఏ ఫోటో చూసినా ఆమె వెనక వరసలో, ఎవరిదో భుజం చాటున, సగం ముఖంతో ఉంటుంది. మనవరాలు పుట్టిందని ఫోను వస్తే, తల్లీబిడ్డల కులాసా కన్నా ముందు రంగు ఎట్లుందని అడిగింది.  అప్పుడు కూడా నేను చెప్పలేదు.

గుడ్లు చూసి అక్క చిన్నపిల్లలా సంబరపడింది. వేపుడు తనే చేసింది. నేను వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతుంటే, కాలుకాలిన పిల్లిలా ఏంటే అది, ఒకచోట కూసో అని విసుక్కుంది. కంచాల ముందు కూర్చున్నాక, మొదటి ముద్ద నోట్లోకి పోకముందే అంతా చెప్పేశాను. పెరడు, చెంబు, ఆ మేనత్త, తాత జబ్బు, ఏదీ దాచలేదు.

అక్క చేతిలో గుడ్డు ముక్క అట్లాగే ఉండిపోయింది. కోప్పడుతుందనుకున్నాను, నవ్వేస్తే బాగుండునని ఆశపడ్డాను.

“అయితే నలుపని కాదా మే?”

“కాదక్కా. నువ్వు వాళ్ళకు నచ్చినావు. అన్నం తినినారు గదా.”

ఆమె గుడ్డు ముక్కను తిరిగి కంచంలో పెట్టేసింది.

“ఈ మాట ముందే చెప్పింటే, మీ బావ పక్కన నిలబడి నిండుగా ఒక్క ఫోటో అన్నా తీయించుకునింటాను గదే,” అంది.

బావ పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పటివాళ్ళు జబ్బుల పేర్లు అన్నం తింటూనే చెప్పుకుంటారు. సంబంధం మాట్లాడేవాళ్ళు షుగరు ఉందా, బీపీ ఉందా అని నేరుగా అడుగుతారు. అది వినడానికి నాకు మొన్నటిదాకా మోటుగా ఉండేది, ఇప్పుడు లేదు. మా కాలంలో ఒక జబ్బు పేరు పలకడానికి సిగ్గుపడి ఒక మనిషి రంగు మీద నింద వేశారు, ఆ నింద తీయగలిగిన ఒకే ఒక్కదాన్ని నేను మర్యాదగా ఊరుకున్నాను. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే, తిరుగు బండిలో కాస్త కుదురుగా కూర్చునేదాన్ని.