ఆహారంలో మార్పు లేదు

పద్దెనిమిదేళ్లుగా రెండు మాటలు మోస్తున్నాను. నా చేత్తో రాసినవే. నా భార్యకు చెప్పలేదు. మా బావకు చెప్పలేదు. ఆయన పోయి నాలుగేళ్లయింది, ఇక చెప్పే వీలూ లేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఆరేడు ప్రాంతంలో కర్ణాటకలోని చింతామణిలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి లావుగా ఉన్న పెద్దవాళ్ల మీద పరిశోధన మొదలుపెట్టింది. రోజూ పొద్దున ముప్పావుగంట కాలేజీ మైదానం చుట్టూ వేగంగా నడవాలి. మూడు నెలలు. నెలకోసారి తూకం, రక్తపరీక్ష. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్‌ను శరీరం వాడుకునేటప్పుడు కణాలను దెబ్బతీసే పదార్థాలు పుడతాయి. వాటివల్ల కణాల మీద పడే ఒత్తిడి లావైన ఒంట్లో ఎక్కువట. నడిస్తే బరువుతో పాటు అదీ తగ్గుతుందా అని చూడటం ఆమె ఉద్దేశం. షరతు ఒకటే. తిండి మారకూడదు. మారితే బరువు దేనివల్ల తగ్గిందో తేలదు.

అడిగి కాగితాలు నింపే పని నాది. కన్నడ అందరికీ వచ్చు. కానీ ఒంటి సంగతులు ఇంటి మాటైన తెలుగులోనే చెప్పేవాళ్లు, నాతోనే చెప్పేవాళ్లు. ఆ నమ్మకం మీదే ఆ ఉద్యోగం నడిచింది.

అక్కను నేనే చేర్పించాను. ఎందుకు? ఆమె ఆరోగ్యం కోసమని అందరితో అన్నాను. ఇన్నేళ్లూ నాతో నేనూ అనుకున్నాను. అబద్ధం. నాకు అక్క ఒళ్లంటే రోత. మెట్లెక్కేటప్పుడు ఆమె రొప్పు, రవికె చేతుల కింద చెమట మరక, బస్సులో రెండు సీట్ల మధ్య ఆమె సర్దుకునే తీరు. ఎవరైనా "మీ అక్కా?" అని అడిగితే తల తిప్పుకునేవాణ్ణి. ఆమె వండి పెట్టిన అన్నం తింటూ ఆమెను చూసి మొహం చిట్లించిన మనిషిని. 

రెండో నెలలో అక్క గబగబా తగ్గింది. మైదానంలో పక్కన నడిచే రత్నమ్మ ఊరుకునేది కాదు.

"ఏమ్మా, మీ ఆయన ముద్ద పెట్టల్యా? ఇట్ల సన్నబడితివి! పెండ్లిచూపులకేమన్నా పోతాండావా?"

"మొగుడు పాతోడే సాల్లేమ్మా. రవికెలు కొత్తవి కుట్టిస్తే అంతే సాలు," అనేది అక్క. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

మా వైపు రాగి ముద్దను నమలరు. వేళ్లతో తుంచి, సారులో, అంటే చారులో, ముంచి మింగుతారు. నమిలేవాళ్లను చూసి పిల్లలు కూడా నవ్వుతారు. ఒకరోజు మధ్యాహ్నం అక్క ముద్ద నములుతూ కనిపించింది. చాలాసేపు నమిలింది. తర్వాత నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. ఆ చప్పుడు నాకు పడలేదు.

"ఏంక్కా అది, పళ్లు రాని బిడ్డ మాదిరి?" అన్నాను.

"దిగల్యారా. ఈడ, రొమ్ముకాడ నిలబడిపోతాండాది." చేత్తో చూపించింది. "మూడు వారాలాయె. సారన్నం కొంచెం పోతాది. ముద్దయితే నీళ్లు తాగల్ల. ఆ డాక్టరమ్మకు చెప్పాల్నా?"

"చెప్తే నిన్ను తీసేస్తారు. ఇన్నాళ్లు నడిచిందంతా దండగ. నడిస్తే ఆకలి తగ్గుతాదిలే, అంతే."

"ఆకలి ఉండాదిరా. మింగేదానికే కాల్యా."

"బరువు తగ్గుతాండావు కదా. ఇంకేం కావాల నీకు?"

ఆమె నన్ను చూసింది. "నువ్వు సదువుకున్నోడివి. నువ్వు సెప్తే సరే అప్పా," అంది. కంచం తీసుకుని లేచింది. ముద్దలో సగానికి పైగా అలాగే ఉంది. దాన్ని కుక్కకు వేసింది.

మర్నాడు ఆమె కాగితంలో, ఆహారంలో మార్పు అన్న చోట, 'మార్పు లేదు' అని రాశాను. కాగితాన్ని మిగతావాటి కింద పెట్టాను. అది గుర్తుంది.

మూడో నెల ఫలితాలొచ్చాయి. అందరికంటే ఎక్కువ బరువు తగ్గింది అక్కే. కానీ మిగతావాళ్లలో చాలామందికి తగ్గిన ఆ ఒత్తిడి ఆమె రక్తంలో పెరిగింది. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని నన్ను కన్నడంలో అడిగింది. ఈమె తిండి సరిగ్గా తింటోందా, ఏమైనా జబ్బుందా, మీరే కదా మాట్లాడేది అని. నా ముందు ఇంకోసారి తలుపు తెరిచి పెట్టినట్టే. తిండిలో తేడా లేదు, జబ్బేమీ లేదన్నాను. ఎందుకన్నాను? ముందు రాసింది అబద్ధమని తేలుతుందనా? ముగింపు సభలో అందరికంటే బాగా తగ్గిన మనిషిగా అక్కను చూపిస్తారని అప్పటికే నాతో అన్నారు, అది పోతుందనా? రెండూ నిజమే. వాటికింద ఇంకొకటుంది. ఆమె సన్నబడటం నాకు నచ్చింది. ఆగిపోవడం నాకిష్టం లేదు. ఆమె ఆకలితో మాడుతుంటే నేను కళ్లారా చూసి సంతోషించాను. దీనికి నాకు పేరు దొరకలేదు.

సభలో అక్క వదులైన రవికెను పిన్నీసుతో బిగించుకుని నిలబడింది. చప్పట్లు కొట్టారు. మొట్టమొదటిసారి, పక్కనున్నాయనతో నేనే అన్నాను, "మా అక్క" అని.

నెలన్నర తర్వాత నీళ్లు కూడా దిగలేదు. బెంగళూరు తీసుకెళ్లాం. అన్నవాహికలో కాన్సర్. అక్కడి డాక్టరు అడిగాడు, మింగడం ఎప్పటినుంచి కష్టంగా ఉందని. బావ పక్కనే ఉన్నాడు. అక్క నావైపు ఒకసారి చూసింది.

"ఈ మధ్యనే సార్," అంది.

నాకోసం అబద్ధమాడింది. ఆ చివరి నెలల్లో నేనామెను ఎత్తి కూర్చోబెట్టేవాణ్ణి. చేతుల్లో బరువే ఉండేది కాదు. నేను కోరుకున్నది అదే కదా?

ముందే చెప్పి ఉంటే బతికేదా? ఆ రోగం గురించి దొరికిందల్లా చదివాను. ఒక్కో పుస్తకం ఒక్కో తీరుగా చెబుతుంది. ఏమో అన్నది నాకు అనుకూలమైన జవాబు. అందుకే దాన్ని కూడా నమ్మను. నాకు తెలిసింది ఇంతే. ఆమె అడిగింది, చెప్పాలా అని. నేను వద్దన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, ఆ హక్కున్న అక్క పోయేదాకా ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఇప్పటికీ ముద్ద తుంచి మింగేటప్పుడు అది సులువుగా జారిపోతుంది. అప్పుడు నా గొంతు మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. దానిమీద రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ఆహారంలో మార్పు: ఉంది. ముద్ద మింగలేకపోతోంది. మూడు వారాలుగా. ఆకలి ఉంది.

రాశాను.