బావమరిది నడుముతో కొన్న పరుపు

పరుపు కొనడం చేతకానివాడు లోకంలో నేనొక్కణ్ణే కాదు. కానీ భార్యకి నడుంనొప్పి వస్తే బావమరిది నడుముతో పరుపు ఎంచినవాడి కోసం కొల్లేటికి ఈ గట్టునా ఆ గట్టునా వెతికితే, నేనొక్కణ్ణే దొరుకుతాను. ఈ ఘనకార్యం మా ఇంటి నాలుగు గోడలు దాటలేదని చాలాకాలం అనుకున్నాను. వచ్చిన ప్రతి చుట్టానికీ మా ఆవిడ కాఫీతోపాటు దీన్ని కూడా అందిస్తోందని ఈమధ్యే తెలిసింది. ఆవిడ చెబితే నేను పూర్తి వెర్రివాడిలా కనిపిస్తున్నాను. నేనే చెబితే ముప్పావు వెర్రితో బయటపడతానేమోనని ఆశ.

సెల్‌ఫోనుంటే మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేసే రోజులవి. మేం కైకలూరులో ఉండేవాళ్ళం. నేను చేపలు ఎగుమతి చేసే ఒక షావుకారు దగ్గర సూపర్‌వైజర్ని. చెరువుల నుంచి వచ్చిన సరుకులో ఏది తాజా, ఏది కాదో తేల్చి ఐసు పెట్టెల్లోకి ఎక్కించడం నా పని. మా ఆవిడ కరుణ అక్కడే ఒక స్కూల్లో టీచరు. రోజంతా బోర్డు ముందు నిలబడే ఉద్యోగం. ఓ వానాకాలం పెరట్లో కాలు జారి పడింది. ఎముకలు విరగలేదు కానీ నడుం పట్టేసింది. ఏలూరు తీసుకెళ్ళి ఎముకల డాక్టరుగారికి చూపించాను. ఆయన మందులు రాసి, "ఇంట్లో దేనిమీద పడుకుంటున్నారమ్మా?" అని అడిగారు.

"మా పెళ్ళినాటి దూది పరుపండీ. మధ్యలో గుంట పడింది. ఇద్దరం చెరో గట్టున పడుకుని తెల్లారేసరికి చెరువులో కలుస్తామండీ," అంది కరుణ.

డాక్టరుగారు నవ్వు ఆపుకుని నావైపు తిరిగారు. "ముందది తీసేయండి. ఖరీదైనదే కొనక్కర్లేదు. మరీ రాయిలా ఉండకూడదు, మరీ కూరుకుపోకూడదు. అంతే. ఆవిడనే పడుకోబెట్టి చూసి కొనండి."

ఆయన చెప్పినదాంట్లో పసిపిల్లలకి అర్థంకాని మాట ఒక్కటైనా ఉందా? నాకు మాత్రం అర్థం కాలేదు.

తిరుగు బస్సులో కరుణ, "శనివారం వెళ్దామండీ," అంది.

"వెళ్దాం కాదు, వెళ్తాను."

"నేను లేకుండానా? డాక్టరుగారు ఏం చెప్పారు?"

"ఆయనకేం, చెప్తారు. నడిబజార్లో, నలుగురు మగాళ్ళ మధ్య నువ్వు పరుపెక్కి పడుకుంటావా? మనవాళ్ళెవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"నడుంనొప్పి అనుకుంటారండీ."

"అలా ఎందుకనుకుంటారు!" అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే వేరేగా ఎందుకనుకుంటారో నాకే తెలియడం లేదు.

నా తెలివితేటలు వికసించింది ఇక్కడే. కరుణకి శామ్యేలు అని ఒక తమ్ముడున్నాడు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వాడిదీ అక్క ఎత్తే, అక్కలాగే బక్కపలచనివాడు. మా చేపల కాటా మీద నిలబెడితే ఇద్దరికీ పట్టుమని పావుకిలో తేడా రాదు. కనుక వాణ్ణి పడుకోబెడితే కరుణని పడుకోబెట్టినట్టే! ఆ మాటే కరుణతో అన్నాను.

"వాడి నడుమూ నా నడుమూ ఒకటెలా అవుతాయండీ?"

"మీరిద్దరూ ఒక తల్లి కడుపున పుట్టారా లేదా?"

"ఆ మాటకొస్తే మీరూ మీ అన్నయ్యగారూ కూడా ఒక తల్లి కడుపునే పుట్టారు. ఆయనకి బుర్ర ఉంది కదండీ."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, నా పట్టుదల రెట్టింపయింది. గోతిలో పడ్డవాడెవడైనా పైకి రావడానికి చూస్తాడు. నేను గునపం అడుగుతాను.

శనివారం ఉదయాన్నే శామ్యేలుని వెంటబెట్టుకుని ఏలూరులో దిగాను. మొదటి కొట్టు యజమాని మర్యాదస్తుడు.

"పరుపు ఎవరికండీ?"

"మా ఆవిడకండీ. పడుకుని చూడాలి."

"తప్పకుండానండీ. ఆవిడ ఏరండీ?"

నేను శామ్యేలుని చూపించాను. "ఈయనేనండీ."

ఆయన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని శామ్యేలుని చూశాడు. వ్యాపారస్తుడు కాబట్టి ఇంకేం అడగలేదు.

మన్నిక పరీక్ష మాత్రం నేనే చేశాను. మా వృత్తిలో ఒక పద్ధతుంది. చేపని వేలితో నొక్కుతాం. పడిన గుంట వెంటనే పూడితే తాజా సరుకు, పూడకపోతే పక్కన పడేస్తాం. పరుపునీ అలాగే నొక్కాను. మొప్పలెత్తి చూసినట్టు గలీబు జిప్పు లాగి లోపల రంగు చూశాను. వాసన కూడా చూశాను. కొట్లో కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ పక్కావిడతో, "పాపం, ఎవరబ్బాయో," అనడం వినబడింది.

"ఎన్నాళ్ళు మన్నుతుందండీ?" అన్నాను.

"మీ మనవలు కూడా దీనిమీదే పడుకుంటారండీ."

"ముందు మా ఆవిడ పడుకుంటే చాలండీ. ఏరా శామ్యేలూ, ఎలా ఉంది?"

జవాబుగా గురక వచ్చింది.

"చూశారా, ఎంత సుఖంగా ఉందో!" అన్నాడు యజమాని.

నిజమేననిపించింది. కానీ ధర విన్నాక సుఖం కాస్త తగ్గింది. పక్క కొట్లో ఫోమ్ పరుపు మీదా వాడు నిద్రపోయాడు. ఆ పక్క కొట్లో స్ప్రింగు పరుపు మీదా నిద్రపోయాడు. అన్నిచోట్లా నిద్రపోతున్నాడంటే ఇక ధర ఒక్కటే చూసుకోవాలని తేల్చుకున్నాను. పిండి కొద్దీ రొట్టె, జీతం కొద్దీ పరుపు. ఉల్లిపాయలకైనా పరుపులకైనా గూడెం హోల్‌సేలని, వాణ్ణి లేపి రైలెక్కించి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళాను.

గూడెంలో నా మనసు దోచిన పరుపు కనిపించింది. కొబ్బరిపీచు పరుపు. వేలితో నొక్కితే గుంట పడలేదు సరికదా, నా వేలే వెనక్కి వంగింది. గుంటే పడని సరుకుకి పూడటం గొడవెక్కడిది? ఇంత తాజా సరుకు నా సర్వీసులో చూడలేదు! శామ్యేలు దానిమీద ఒరిగాడో లేదో, ఐసు మిల్లు మోటారులా గురక అందుకున్నాడు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. పరుపు కోసమే వచ్చిన ఒక జంట, "అబ్బాయి ఎంత హాయిగా పడుకున్నాడో చూడండి," అని అలాంటిదే కొనుక్కుపోయారు. ఆ దంపతులు ఎక్కడున్నా నన్ను క్షమించాలి.

"ఈ అబ్బాయిని అప్పుడప్పుడూ పంపిస్తూ ఉండండి. టిఫిను మాదే," అన్నాడు కొట్టాయన నాకు టీ ఇప్పిస్తూ.

పరుపు ఇల్లు చేరింది. కరుణ దానిమీద మెల్లగా వాలి, మెల్లగానే లేచి కూర్చుంది.

"ఏవండీ, పైన వేసే పరుపు వెనకాల వస్తోందా?"

"పైన వేసేదేంటి? ఇదే పరుపు."

"ఇదా! నేను మంచం చెక్క అనుకున్నానండీ."

"కొత్త చెప్పు కరవదా? కొత్త పరుపూ అంతే. నలగాలి."

దాన్ని నలగ్గొట్టే బాధ్యత నేనే తీసుకున్నాను. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు మంచమెక్కి, కుప్ప నూర్చే ఎద్దులా గుండ్రంగా తిరిగి తొక్కేవాణ్ణి. కిటికీలోంచి పక్కింటి పిన్నిగారు చూసి, "కరుణమ్మా, మీ ఆయనకి ఏమైనా మొక్కుందా?" అని అడిగింది. ఇంతా చేసి మెత్తబడింది నా పాదాలే.

కరుణ నడుము మాత్రం రోజురోజుకీ బిగిసిపోయింది. తెల్లారి మంచం దిగాలంటే కిటికీ ఊచ పట్టుకోవాల్సి వచ్చేది. పాఠం మధ్యలో కుర్చీ వెతుక్కునేది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టి, "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఇంకో టీచర్ని చూసుకుంటామన్నారండీ," అంది. గొంతు మామూలుగానే ఉంది. మొహం మాత్రం గోడవైపు తిప్పుకుంది. నేను పరుపు తొక్కడం ఆపేశాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక శామ్యేలు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చేపల పులుసు వడ్డిస్తూ కరుణ అడిగింది. "ఏరా, అన్ని పరుపులూ చూశావు కదా. ఏది బాగుందిరా?"

"నాకేం తెలుస్తుందక్కా? నేను నిద్రపోయాను కదా!"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అదేంట్రా! సుఖంగా ఉంటేనే కదా నిద్రపోతావు?"

"అదేం లేదు బావగారూ. ఒరిగితే చాలు, నాకు నిద్రొచ్చేస్తుంది."

కరుణ గరిటె కింద పెట్టింది. "వీణ్ణా మీరు తీసుకెళ్ళింది! ఏవండీ, చర్చిలో పాటకి అందరూ లేస్తే వీడూ లేస్తాడు. కళ్ళు మాత్రం తెరవడు. నిలబడి నిద్రపోతాడండీ వీడు!"

నిద్ర సుఖమెరుగదని పెద్దలు ఊరికే అనలేదు. మా శామ్యేలులాంటివాణ్ణి పక్కన పెట్టుకునే అని ఉంటారు.

మర్నాడు కరుణ స్కూలుకి సెలవు పెట్టింది. తన జీతంలో దాచుకున్నది తీసి పర్సులో పెట్టుకుని, "పదండి," అంది. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు. ఏలూరులో మళ్ళీ ఆ మొదటి కొట్టుకే వెళ్ళాం.

"మా ఆవిడండీ," అన్నాను.

యజమాని కరుణని చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి కిందటిసారి తీసుకొచ్చినాయనండీ?"

నేను చెప్పేలోపే కరుణ చెప్పులు విప్పి నా చేతికిచ్చి పరుపెక్కింది. నడిబజారు. మిట్టమధ్యాహ్నం. కొట్టు నిండా జనం.

"కరుణా, అందరూ చూస్తున్నారు," అన్నాను చెప్పులు వీపు వెనక దాచుకుంటూ.

"చూడనివ్వండి. నడుం నాది."

వెల్లకిలా పడుకుంది. పక్కకి తిరిగి పడుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు కదలకుండా ఉంది. ఒకటి వద్దంది. ఇంకొకటీ వద్దంది. ఆకాశం విరిగి నా మీద పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. దాని బదులు ఒక లావుపాటావిడ వచ్చి, "అమ్మాయ్, కాస్త జరుగు. నేనూ చూస్తాను. మా ఆయన ఎప్పుడూ చేత్తో నొక్కి కొనేస్తాడు," అని పక్కన పడుకుంది. తర్వాత ఇంకొకావిడ పక్క పరుపెక్కింది. కాసేపటికి కొట్లో ఆడవాళ్ళంతా పరుపుల మీదా, మొగుళ్ళంతా చెప్పులు పట్టుకుని గోడవారనా ఉన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

చివరికి, "ఇదండీ," అంది కరుణ. ఆ ఒక్కమాటలో ఎన్నో రోజుల నొప్పి దిగిపోయినట్టు వినబడింది. ధర గూడెం పరుపు కంటే పెద్ద ఎక్కువేం కాదు.

"సారుగారూ, మీరూ ఒకసారి పడుకుని చూడండి," అన్నాడు యజమాని.

"ఆయనకి అక్కర్లేదండీ," అంది కరుణ లేచి జుట్టు సర్దుకుంటూ. "ఆయన పరుపు ఆయనకి ఇంట్లో ఉంది."

ఆవిడ నడుము కుదుటపడింది, ఉద్యోగమూ నిలిచింది. మన్నిక విషయంలో మాత్రం నా అంచనా గొప్పది. గూడెం పరుపు ఇన్నేళ్ళలో ఒక్క వెంట్రుక మందం కూడా కుంగలేదు. కుంగింది నేనే. దానిమీద వెన్ను నిటారుగా పెట్టి (వేరే రకంగా కూర్చోవడానికి అది ఒప్పుకోదు) మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట మా ఆవిడకి కళ్ళజోడు కావాలంటే ఆవిడ కళ్ళనే తీసుకెళతాను. చెప్పులు కావాలంటే ఆవిడ పాదాలనే తీసుకెళతాను. ఆవిడ దేనికైనా బజార్లో పడుకుంటానంటే చెప్పులు పట్టుకుని, నోరు మూసుకుని, గోడవారన నిలబడతాను.